తలుపు పట్టని తెప్ప

బరంపురం పక్కనున్న హల్దియాపదర్‌లో దుర్గాభవాని డిటెక్టివ్ ఏజెన్సీకి పేరు పెద్దది, ఆఫీసు చిన్నది. మేడ మీద రెండు గదులు, వాటి ముందు డాబా. ఆ డాబా మీద పెత్తనమంతా కింద వాటాలో ఉండే ఇంటావిడ గురువమ్మది. ఎండ కాసిన రోజున ఆవిడ అప్పడాలు డాబా అంతా పరుచుకుని ఉంటాయి. క్లయింట్లు ఎంత తొందరలో ఉన్నా సరే, గోడవార ఒక్కొక్క అడుగే వేసుకుంటూ రావలసిందే.

కార్తీక పౌర్ణమికి ముందురోజు పొద్దున్న ఎండ బాగా కాసింది. ఏజెన్సీ అసిస్టెంటు లోకనాథ్ వెదురుబద్ద పట్టుకుని గుమ్మంలో కూర్చుని కాకుల్ని తోలుతున్నాడు. బరంపురం–చికిటి బస్సులో కండక్టరుగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ లైన్లోకి వచ్చిన మనిషి అతను. కాకుల్ని తోలడం డిటెక్టివ్ పని కాదని గురువమ్మకి ఒకసారి చెప్పి చూశాడు. ఆవిడ వినలేదు.

"కాకిని తప్ప మరెవరినీ సూడక్కర్లేదు బాబూ. ఎండేసినదాన్ని మనిసి ముట్టడు. అది ఊరందరికీ తెలిసిన మర్యాద," అంది ఆవిడ.

ఆ మర్యాదని తొక్కుకుంటూ అప్పుడే ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. నాలుగు అప్పడాలు కరకరలాడాయి. అమ్మాయికి ఆ చప్పుడు కూడా వినిపించినట్టు లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"డిటెక్టివ్ మేడమ్ ఉన్నారా? మా పడవ పోయింది," అంది.

లోపల దుర్గాభవాని గాజు గ్లాసులో టీ చల్లార్చుకుంటోంది. యాభై దాటిన మనిషి, పొట్టి, కాస్త బొద్దు. బీమా కంపెనీలో ఇరవై ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకుంది. పెళ్ళి సంబంధాల వాకబు దగ్గర్నుంచి పారిపోయిన మేకల దాకా ఆవిడ చూడని కేసు లేదు. ప్రపంచంలో ఆవిడని మించిన డిటెక్టివ్ లేదని లోకనాథ్ నమ్మకం. మిగతా ప్రపంచంలో డిటెక్టివులు ఎవరెవరున్నారో అతనికి తెలియదు గాని, నమ్మకానికి అది అడ్డం రాలేదు.

"కూర్చోమ్మా. ఏ పడవ? ఎంత పెద్దది?"

"తెప్ప మేడమ్. చేపల తెప్ప. ఈ గదిలో పట్టదు. నా పేరు స్మిత. రుషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర కొత్తగా కట్టిన ఓడల మ్యూజియానికి ఇన్‌ఛార్జిని. రేపు పౌర్ణమి, బొయిత బందాణ, ఒడియావాళ్ళ పడవల పండుగ. జనం పొద్దున్నే అరటిదొప్పల పడవలు నీళ్ళలో వదిలాక మా మ్యూజియం తెరవాలి. హాలు మధ్యలో ఉండవలసింది ఆ తెప్పే. ఈ పొద్దున్న తాళం తీసి చూస్తే లేదు."

"తాళం పగిలిందా?"

"లేదు. అదే కదా భయం. తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి వాచ్‌మన్ జగ్గన్నది. మా కమిటీ ఛైర్మన్ వైకుంఠరావుగారు జగ్గన్నే దొంగ అంటున్నారు. సాయంత్రంలోగా తెప్ప కనబడకపోతే పోలీసులకి అప్పగిస్తానన్నారు. జగ్గన్న అలాంటివాడు కాదు మేడమ్. ఉద్యోగం ఇచ్చింది నేనే. దొంగ అని ఒక్కసారి పేరు పడితే అతను మళ్ళీ పేటలో తలెత్తుకోలేడు."

"అతనేమంటున్నాడు?"

"ఏమీ అనడం లేదు. అందుకే మీ దగ్గరకొచ్చాను."

దుర్గాభవాని టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. లోకనాథ్ వెదురుబద్ద గురువమ్మ చేతికిచ్చాడు. విరిగిన అప్పడాల సంగతి ఆవిడ చూసేలోపల ముగ్గురూ మ్యూజియం జీపెక్కేశారు.

ఛత్రపూర్ దాటేదాకా స్మిత తెప్ప కథ చెబుతూనే ఉంది. అది మొగ పేటలో ముసలమ్మ అనే ఆవిడ భర్తది. ఆయన పోయి చాలాకాలమైంది. ఒక ఏడు రుషికుల్య పొంగి పేటని ముంచేస్తే, ఆయన ఆ తెప్ప మీద పిల్లా జెల్లా అందర్నీ గట్టుకి చేర్చాడు. చీకటి పడేదాకా తిరుగుతూనే ఉన్నాడట.

"ఆ రోజు తెప్ప ఎక్కిన వాళ్ళందర్నీ ముసలమ్మ ఇప్పటికీ మావోలే అంటుంది. కులం లేదు, గోత్రం లేదు. తెప్ప ఎక్కితే మావోడే, అంతే. వాళ్ళిళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఈవిడే పెద్ద. అలాంటి తెప్పని మ్యూజియానికి ఊరికే ఇచ్చింది మేడమ్. నేనే అడిగి తెచ్చాను."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. దుర్గాభవాని ఆమె చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది.

మ్యూజియం ఇసుకదిబ్బ మీద ఉంది. ఒక పక్క నది, ఎదురుగా సముద్రం, వెనక సరుగుడు తోట. ముందు స్థలంలో రేపటి సభకి షామియానా వేస్తున్నారు. ముందు వరసలో తెల్లగుడ్డ కప్పిన పొడుగాటి బల్లలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. మధ్య బల్ల మీద తెల్ల పంచె, తెల్ల లాల్చీలో ఒక పెద్దాయన కూర్చుని సెల్‌ఫోన్లో ఎవరినో కోప్పడుతున్నాడు.

"వైకుంఠరావుగారు. రిటైరైన తాసిల్దారు," అని స్మిత మెల్లిగా చెప్పింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "డిటెక్టివా? ఏమీ అవసరం లేదమ్మా. దొంగ ఎవడో తెలిసిపోయింది. సరుకే తెలియాలి."

"సరుకు తెలిస్తే మిగతాది కూడా సరిగ్గా తెలుస్తుందండి," అంది దుర్గాభవాని. "ముందు హాలు చూస్తాను."

హాలుకి రెండు దారులు. సముద్రం వైపు పెద్ద షట్టరు, ఊరి వైపు చిన్న తలుపు. నెల క్రితం తెప్పని షట్టరులోంచే తెచ్చారు. ఆ తర్వాత ఉప్పుగాలికి షట్టరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోకనాథ్ బస్సు తలుపులు తన్ని తీసిన అనుభవంతో దాన్ని తన్ని చూశాడు. అది కదల్లేదు, అతని కాలే నొప్పెట్టింది. ఇక చిన్న తలుపు ఒక్క మనిషి పట్టేంతే. దుర్గాభవానికి అది కాస్త ఇరుకే అయింది.

"ఇందులోంచి తెప్ప వెళ్ళదు కదండీ," అన్నాడు లోకనాథ్, ఆశ్చర్యంగా. "మాయా మంత్రమా ఏటి?"

"వాడు రంపంతో కోసి పట్టుకుపోయాడు," అన్నాడు వైకుంఠరావు వెనకనించి. "పాత సామాన్లు కొనేవాళ్ళకి ముక్కలైనా ముద్దే."

దుర్గాభవాని నేల మీదకి వంగింది. నాపరాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రంపపు పొట్టు లేదు. హాలు మధ్య తెప్ప పెట్టిన దిమ్మ ఖాళీగా ఉంది. దాని పక్కన తెడ్డు గోడకి ఆనించి ఉంది. మేకుకి ఒక లావుపాటి కొబ్బరితాడు చుట్టచుట్టి తగిలించి ఉంది. ఆవిడ తాడుని ఆ చివర్నించి ఈ చివరిదాకా చేత్తో తడిమింది.

"ఈ తాడు ఎక్కడిదమ్మా?"

"తెప్పదే మేడమ్. దుంగల్ని కట్టిన తాడు. ఎక్కడా కొయ్యలేదు, చూడండి," అంది స్మిత.

"చూశాను. కొయ్యలేదు, చింపలేదు. పైగా ముడి విప్పి, చుట్టచుట్టి, మేకుకి తగిలించి మరీ వెళ్ళాడు. మీ దొంగ మహా పొందికైనవాడు."

లోకనాథ్ ఆ మాట మనసులో రాసుకున్నాడు. దాని అర్థం తెలియలేదు, కాని మేడమ్ అంత నెమ్మదిగా మాట్లాడిందంటే కేసు సగం తేలినట్టే.

బయట సరుగుడు తోటలో ఒక మనిషి కర్రతో పొదలు కదుపుకుంటూ తిరుగుతున్నాడు. ఎండిన ఉప్పు చారలు కట్టిన తుండు భుజం మీద ఉంది. అతనే జగ్గన్న. వీళ్ళని చూసి కర్ర కింద పడేశాడు.

"ఏటి ఎతుకుతున్నావు జగ్గన్నా?" అని అడిగింది దుర్గాభవాని.

"ఏటీ లేదమ్మా."

"పొద్దున్న తెప్ప హాల్లో ఉందా?"

అతను వంగి కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ మీద దొంగతనం మోపుతున్నారు. తెలుసా?"

"తెలుసమ్మా. దొంగతనం నాను సెయ్యలేదు. అంతవరకే సెప్పగలను. ఆపైన అడగొద్దు, నీకు దండం పెడతాను."

"పోలీసులు తీసుకెళ్తే?"

"తీసుకెల్లనీ అమ్మా. అక్కడికైతే ఎల్తాను." అతని కళ్ళు మళ్ళీ తోట పక్కనున్న ఇసుక మీదకి వెళ్ళాయి. అక్కడ ఏమీ లేదు. ఎండ కాస్తున్న చదునైన ఇసుక, దాని మీద బోలెడన్ని అడుగులు.

దుర్గాభవాని అతని చేతులు చూసింది. లోకనాథ్ కూడా చూశాడు. గోళ్ళల్లో పసుపు ఇరుక్కుని ఉంది. నుదుట కుంకుమ తాజాగా ఉంది. కార్తీక మాసం కదా, ఎవరింట్లో పూజ లేదు, అనుకున్నాడు లోకనాథ్.

"ముసలమ్మ నీకేమవుతుంది?" అని ఆవిడ హఠాత్తుగా అడిగింది.

"అప్ప. నా సొంత అప్ప." ఆ పేటలో అక్కని అప్ప అంటారు. అతను మొహం తిప్పుకున్నాడు.

షామియానా దగ్గరికి తిరిగొచ్చేసరికి వైకుంఠరావు మళ్ళీ మధ్య బల్ల మీద కూర్చున్నాడు. ముసలమ్మ గురించి అడిగితే నిట్టూర్చాడు.

"మంచిదే పాపం. కాని ఒకటే గొడవ. మేము తెప్పని లారీలో తెచ్చిన రోజు నించీ నా వెంట పడింది. ఇల్లు మారే తెప్పని గంగమ్మకి చూపించాలట. ఒకసారి సముద్రంలో ముంచి, పసుపూ కుంకుమా పెట్టి, అప్పుడు కొత్తింట్లో పెట్టాలట. మ్యూజియం వస్తువు తడవకూడదమ్మా అని చెప్పాను. వింటుందా?"

"మీరు విన్నారా?"

"నేను వినేదేముంది? రూలు రూలే కదా." ఆయన లేచి, ఎవరో పిలిస్తే అటు వెళ్ళాడు.

వెనకనించి చూసిన లోకనాథ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తాసిల్దారుగారి తెల్ల పంచె వెనక భాగం తడిసి, ఆ తడి మీద పచ్చగా అరచేతి వెడల్పు మరక ఉంది.

"మేడమ్, పెద్దాయన దేనిమీదో కూర్చున్నాడు. చెప్పాలా, వద్దా?"

"వద్దు," అంది దుర్గాభవాని. ఆవిడ నవ్వలేదు. ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆవిడ ముఖంలోకి నవ్వు నెమ్మదిగా వచ్చింది. లోకనాథ్ ఆ నవ్వుని బాగా ఎరుగును. అది వచ్చిందంటే ఇక భోజనం సంగతి ఆలోచించవచ్చు.

షామియానా వేసేవాడు ఛత్రపూర్ టెంట్ హౌస్ సుమిత్. ఒడియా కుర్రాడు, తెలుగు గడగడా మాట్లాడతాడు. స్తంభానికి పూలు కట్టిస్తున్నాడు.

"ఏర్పాట్లు బాగున్నాయి సుమిత్," అంది దుర్గాభవాని. "ఎప్పుడొచ్చారు?"

"ఆగ్యాఁ, పొద్దున్నే. రేపు పండుగ, అన్నిచోట్లా పెళ్ళిళ్ళు. చౌకీలే, అదే, కుర్చీలే దొరకలేదు మేడమ్. ఉన్నవి వెనక్కేశాను. ముందు వరసకి ఎలాగో సర్దాను."

"బాగా సర్దావు. పోయిన పడవ నీకేమైనా కనబడిందా?"

"అందరూ అదే అడుగుతున్నారు. పడవైతే నేను చూడలేదు మేడమ్. జగన్నాథుడి మీద ఒట్టు."

"నమ్ముతున్నాను," అంది ఆవిడ. స్మితని పిలిచి, "ముసలమ్మకి కబురు పంపు. నువ్వు, ఛైర్మన్‌గారు, జగ్గన్న, సుమిత్ అందరూ షామియానా కిందకి రండి. నాకు సభ కావాలి," అని చెప్పింది.

"దొరికిందా మేడమ్?" అంది స్మిత. ఆమె కళ్ళల్లో ఆశ, భయం రెండూ ఉన్నాయి.

"ముందు అన్నం తిందాం," అంది దుర్గాభవాని.

భోజనాలయ్యాక అందరూ చేరారు. వైకుంఠరావు తన మధ్య బల్ల మీదే కూర్చున్నాడు. ఆయన పక్కన స్మిత, ఆ పక్కన సుమిత్ కూర్చున్నారు. జగ్గన్న దూరంగా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పేటవాళ్ళు కూడా పదిమంది వచ్చి మూగారు.

ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బక్కపల్చటి మనిషి, ముక్కుకి రెండు పక్కలా ముక్కుపుడకలు. స్మిత లేచి తన పక్కన కూర్చోమంది. ముసలమ్మ బల్ల మీది తెల్లగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చింది. ఆ చేతిని కళ్ళకద్దుకుని, బల్ల పక్కన ఇసుకలో చతికిలబడింది. "ఇక్కడ బాగుందమ్మా," అంది. చెయ్యి మాత్రం గుడ్డ కిందే ఉంచుకుంది.

దుర్గాభవాని అది చూసి తలూపింది. తర్వాత ముందుకొచ్చి నిలబడింది. ఇలాంటప్పుడు ఆవిడ మరో రెండంగుళాలు పెరుగుతుందని లోకనాథ్ అభిప్రాయం.

"తెప్ప తలుపులోంచి పట్టదు. షట్టరు తెరుచుకోదు. మరి ఎలా పోయింది? మనమంతా దాన్ని ఒక వస్తువు అనుకున్నాం. అందుకే తికమక. తెప్పంటే ఒకటి కాదు, కొన్ని దుంగలు, ఒక తాడు. సముద్రంనించి వచ్చిన ప్రతిసారీ తాడు విప్పి, దుంగల్ని ఎండేస్తారు. లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయి. గోపాల్‌పూర్ బీచికి వెళ్ళిన ఎవరైనా చూసే ఉంటారు. నేనూ చూశాను, పల్లీలు తింటూ. విప్పిన తెప్ప ఎంత ఇరుకు తలుపులోంచైనా వెళ్తుంది. ఒక్కొక్క దుంగా, ఇద్దరేసి మనుషులు."

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు వైకుంఠరావు. "జగ్గన్నే."

"అవునండి, జగ్గన్నే. కాని తాడు చూడండి. దొంగకి విప్పే ఓపిక ఎక్కడిది? కోసేస్తాడు. ఇది విప్పి, చుట్టి, మళ్ళీ కట్టడానికి సిద్ధంగా తగిలించిన తాడు. అంటే తెప్ప తిరిగి రావలసిందే. మరి ఎక్కడికి వెళ్ళింది? జగ్గన్న తుండు మీద ఉప్పు, గోళ్ళల్లో పసుపు, నుదుట కుంకుమ. ఈ పొద్దున్న తెల్లవారగానే తన వాళ్ళతో కలిసి అప్ప తెప్పని గంగమ్మకి చూపించి వచ్చాడు. మీరు కాదన్న పని అది. అందుకే చెప్పలేదు. ఔనా జగ్గన్నా?"

జగ్గన్న స్తంభం పట్టుకునే కిందికి జారి కూర్చున్నాడు.

"ఔనమ్మా. అప్ప అన్నం మానీసింది. గంగమ్మకి సెప్పకుండా తెప్పనిచ్చీసినానని ఒకటే బెంగ. సూడలేకపోయినాను. రేపు తెరిసేలోపల ఎండబెట్టి కట్టీసి ఎట్టీద్దామనుకున్నాను. తోట పక్కన ఇసకలో దుంగలు ఎండేసి, గంజి తాగొద్దామని ఇంటికెల్లినాను. వొచ్చీసరికి లేవు."

"కాపలా ఎవర్నీ ఉంచలేదా?" అన్నాడు వైకుంఠరావు.

"ఎందుకు బాబూ? ఎండేసిన తెప్పని మా రేవులో ఎవడూ ముట్టడు. పగోడిదైనా ముట్టడు." అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "పోలీసులకిచ్చీయండి. జైలుకైతే ఎల్తాను. తెప్ప పోనాదని అప్పతో ఎలా సెప్పను?"

వైకుంఠరావు తల దించుకున్నాడు. స్మిత ఏడుస్తోంది. లోకనాథ్ జగ్గన్న పక్కన వెళ్ళి కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. డిటెక్టివ్ అసిస్టెంట్లు అలా చెయ్యవచ్చో లేదో అతను ఆలోచించలేదు.

"మా ఇంటావిడ గురువమ్మ కూడా ఇదే మాట అంటుంది," అంది దుర్గాభవాని. "ఎండేసినదాన్ని మనిషి ముట్టడు, కాకి తప్ప. ఈ రేవు మర్యాద తెలియని కాకి ఒకటి ఈ పొద్దున్న ఛత్రపూర్‌నించి వచ్చింది. సుమిత్, చౌకీలు చాలకపోతే ముందు వరసకి ఏమి సర్దావు?"

సుమిత్ బిక్కమొహం వేశాడు. "తోట పక్కన దుంగలు పడున్నాయి మేడమ్. ఎవరో కొట్టి పారేశారనుకున్నాను. కూలీల చేత ఇటుకల మీద పెట్టించి గుడ్డ కప్పించాను. ఇప్పుడు అదే ఫ్యాషన్ కదా." అంటూ ఉండగానే అతని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"అందుకే పడవ చూడలేదని ఒట్టేశావు. నిజమే చెప్పావు. వైకుంఠరావుగారూ, మీ పంచె వెనక పచ్చమరక గంగమ్మ పసుపు. దుంగ ఇంకా పూర్తిగా ఆరలేదు. పొద్దున్నించీ మీరు ఎవరి మీద కూర్చుని ఎవరిని తిడుతున్నారో ఒకసారి లేచి చూడండి."

ఛైర్మన్‌గారు నిప్పుల మీంచి లేచినట్టు లేచాడు. స్మిత లేచింది. సుమిత్ అందరికంటే దూరం గెంతాడు. దుర్గాభవాని తెల్లగుడ్డ కొస పట్టుకుని లాగింది. ఇటుకల మీద నున్నగా అరిగిన దుంగలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద పసుపు పూత, కుంకుమ బొట్లు. మధ్యలో పసుపు కాస్త చెదిరి ఉంది. అది గుడ్డలోంచి పంచెకి అంటిన చోటు.

పేటవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. నవ్వు వరద పొంగినట్టు వచ్చింది. జగ్గన్న మాత్రం మోకాళ్ళ మీద పాకినట్టు వచ్చి అప్ప ముందు పడ్డాడు.

"నీకు సెప్పలేకపోయినాను అప్పా."

ముసలమ్మ తమ్ముడి తల నిమిరింది. "ఏటి సెప్తావురా? నా పెనిమిటి తెప్ప నాకు తెలీదేటి? సెయ్యెట్టగానే తెలిసింది. నీ మొకం సూసి, పాపం ఈ అమ్మ ఎప్పుడు సెప్పీద్దో అనుకుంటన్నాను." అని దుర్గాభవాని వైపు చూసి బోసినవ్వు నవ్వింది. "సంకలో పిల్లణ్ణెట్టుకుని ఊరంతా ఎతికినోల్ని సూసినాను గాని తల్లీ, పిల్లడి మీదే కూకుని ఎతికినోల్ని ఇదే సూడ్డం."

ఈసారి వైకుంఠరావు కూడా నవ్వాడు. ముందు ఇబ్బందిగా నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక జగ్గన్న దగ్గరికి వెళ్ళి, పొద్దున్న లాక్కున్న తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"తప్పు నాదయ్యా. అడిగిన రోజునే సరే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు," అన్నాడు.

మర్నాడు పౌర్ణమి. తెల్లవారుతూనే మొగలో అరటిదొప్పల పడవలు దీపాలతో తేలిపోయాయి. ఒడియావాళ్ళ పాట, తెలుగువాళ్ళ పాట కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా వినబడింది. హాల్లో తెప్పని ముందుగా కట్టి ఉంచలేదు. వచ్చిన జనం చూస్తూ ఉండగా దుంగలు ఒక్కొక్కటే ఇరుకు తలుపులోంచి లోపలికి వచ్చాయి. జగ్గన్న తాడు బిగించాడు. తాడు కొస ముసలమ్మ పట్టుకుంది. ఇద్దరూ కలిసి కట్టిన ఆ ముడిని లోకనాథ్ అందరికంటే ముందుకి జరిగి మరీ చూశాడు. బస్సులో ఇన్నేళ్ళు తిరిగినా ఇంత చక్కటి ఊరు తన రూట్లో లేకపోయిందే అనుకున్నాడు.

బయట ముందు వరసలో బల్లలు లేవు గనక పెద్దమనుషులందరూ నిలబడే ఉన్నారు. "సీట్లు లేవు, సర్దుకోండి, లోపలికి జరగండి," అని లోకనాథ్ పాత అలవాటు కొద్దీ అరుస్తుంటే అందరూ బుద్ధిగా జరిగారు.

వైకుంఠరావు ఉపన్యాసం చిన్నదిగా ముగించాడు. షట్టరు బాగుచేయిస్తామని, ఏటా ఈ పౌర్ణమికి తెప్ప సముద్రం చూసి వస్తుందని చెప్పాడు. నిన్నటి పంచే కట్టుకుని వచ్చాడాయన. గంగమ్మ పసుపని విన్నాక ఇంట్లోవాళ్ళు సబ్బు తగలనివ్వలేదట.

దుర్గాభవాని ఫీజుగా ఏమీ తీసుకోలేదు. ముసలమ్మ బలవంతం మీద ఒక బుట్టెడు ఎండు రొయ్యలు మాత్రం తీసుకుంది. విరిగిన అప్పడాలకి గురువమ్మని మెత్తబరచాలంటే అవి కావాలి.

జీపు దగ్గరికి సాగనంపడానికి వచ్చిన ముసలమ్మ దారిలో వైకుంఠరావు ఎదురైతే ఆగింది. ఆయన మొహమాటంగా చేతులు జోడించాడు.

"క్షమించమ్మా. తెలియక దాని మీద కూర్చున్నాను."

ముసలమ్మ ఆయన్ని పైనించి కిందికి చూసింది. పంచె మీది పచ్చమరక దగ్గర ఆవిడ చూపు ఆగింది.

"ఊరుకో బాబూ," అంది. "మా తెప్ప ఎక్కినోడివి. ఇంక మావోడివే."